వ్యాసుడికి తెలియని శశిరేఖ

పురాణ సినిమాల గురించి ఇప్పుడు ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే తీర్పు వినిపిస్తోంది. పాతతరం వాళ్ళు భక్తితో, శ్రద్ధతో, మూలానికి కట్టుబడి తీశారట. ఇప్పటివాళ్ళు ఇష్టమొచ్చినట్టు మార్చేసి పురాణాలను పాడుచేస్తున్నారట. 2023 జూన్‌లో ‘ఆదిపురుష్’ వచ్చినప్పుడు ఈ మాట ఊపందుకుంది. మరుసటి ఏడు ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామనూ కర్ణుణ్ణీ చూపించిన తీరు మీద మళ్ళీ రేగింది. టీవీ చర్చల్లో ప్రవచనకర్తలు, పత్రికల్లో సమీక్షకులు, ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అందరూ ఇదే అంటున్నారు. దీనికి చెప్పే మందు కూడా ఒక్కటే: వాల్మీకి, వ్యాసుడు ఏం రాశారో అదే తియ్యండి, గీత దాటకండి.

ఈ తీర్పులో మొదటి సగం నిజం కాదు. రెండో సగం ఎవరైనా నిజంగా పాటిస్తే తెలుగులో మంచి పురాణ సినిమా అనేది ఇక పుట్టదు. రెండూ వివరంగా చెబుతాను.

అందరూ నెత్తిన పెట్టుకునే సినిమాతోనే మొదలుపెడదాం. కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ 1957 మార్చిలో వచ్చింది. వ్యాసభారతం పద్ధెనిమిది పర్వాలూ గాలించినా బలరాముడి కూతురు శశిరేఖ కనపడదు. అభిమన్యుడి భార్య ఉత్తర, అంతే. ఘటోత్కచుడు అరణ్యంలో ద్రౌపదిని మోసుకువెళ్ళడం ఉంది, రాత్రియుద్ధంలో కర్ణుడి శక్తికి కూలిపోవడం ఉంది. ద్వారకకు వచ్చి ఆడపిల్ల రూపం ధరించడం ఎక్కడా లేదు. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడైతే ద్రోణపర్వంలో ఆ అభిమన్యుడి చేతిలోనే యుద్ధభూమిలో ప్రాణం విడిచిన కుర్రవీరుడు. ఆ వీరుణ్ణి పింగళి నాగేంద్రరావు తీసుకొచ్చి రేలంగికి అప్పగించారు. పాండవుల బంధువర్గం కథే అయినా, మూడు గంటల సినిమాలో పాండవుల్లో ఒక్కరూ తెరమీదికి రారు. ప్రేమించినవాణ్ణి దూరాన్నుంచి చూపించే ప్రియదర్శిని పెట్టె, ఎక్కినవాడి చేత నిజం కక్కించే సత్యపీఠం పింగళి కల్పనలు. మగపెళ్ళివారి విడిదిలో విందు మాటలొచ్చినప్పుడు గోంగూర కూడా ప్రస్తావనకొస్తుంది. ద్వాపరయుగంలో గోంగూర ఏమిటని థియేటర్లో ఒక్కరూ లేచి అడగలేదు.

ఆ సినిమాలో పెళ్ళిపాటను శశిరేఖగా సావిత్రి చేసిన తీరు ఒకసారి గుర్తుచేసుకోండి. తెరమీద ఉన్నది శశిరేఖ రూపం, లోపల ఉన్నది ఘటోత్కచుడు. సిగ్గుపడుతూ పాడుతున్న పిల్ల గొంతు ఉన్నట్టుండి మగగొంతవుతుంది. భుజాలు విచ్చుకుంటాయి, నడకలో రాక్షసుడి ఊపు వస్తుంది. మరుక్షణంలో మళ్ళీ పెళ్ళికూతురు. ఆడదాని వేషంలో ఉన్న మగవాడి పాత్రను ఒక ఆడమనిషి అభినయించడం, అదీ ఎక్కడా ఎబ్బెట్టు కాకుండా చేయడం మామూలు విషయం కాదు. తెలుగు నటనకు అది ఒక శిఖరం. వ్యాసుడి గీత దాటకూడదనే నియమం అప్పట్లో ఉండి ఉంటే మనకు ఆ నిమిషం లేదు.

ఈ శశిరేఖ ఎక్కణ్ణుంచి వచ్చింది? నోటికథల్లోంచి, నాటకాల్లోంచి వచ్చింది. దక్కనులో పలుచోట్ల ఆ పిల్ల వత్సల పేరుతో తిరిగింది. మన దగ్గర సురభి నాటక సమాజం వాళ్ళు రంగస్థలం మీద ఊరూరా ఆడించారు. 1936లోనే సినిమా కూడా అయింది. కె.వి.రెడ్డి, పింగళి చేతికి వచ్చేసరికి ఆ కథ ఎన్నో రాత్రుల ప్రేక్షకుల నవ్వుల్లో, ఈలల్లో నలిగి నునుపుదేలి ఉంది.

‘మాయాబజార్’ ఒక్కటే అనుకోకండి. అదే దర్శకుడు 1963లో తీసిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గయోపాఖ్యానం’ నాటకం నుంచి వచ్చింది. కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగడం వ్యాసుడికి తెలియని సంగతి. 1958 నాటి ‘భూకైలాస్’లో రావణుడి ఆత్మలింగం కథ గోకర్ణం స్థలపురాణం. 1966లో ఎన్టీ రామారావు గారు తీసిన ‘శ్రీకృష్ణ పాండవీయం’ చూడండి. గాంధార రాజకుటుంబాన్ని దుర్యోధనుడు చెరలో వేసి మాడ్చి చంపడం, శకుని ఒక్కడు బతికి బయటపడటం, తండ్రి ఎముకలతో పాచికలు చేసుకుని కౌరవవంశాన్ని నాశనం చెయ్యడానికే మేనల్లుడి పక్కన చేరడం — ధూళిపాళ శకునిగా ఆ పగ చెబుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇది భారతంలోనే ఉందని ఇప్పటికీ తెలుగువాళ్ళలో చాలామంది గట్టిగా నమ్ముతారు. వ్యాసభారతంలో లేదు. కానీ కారణం లేని దుర్మార్గుడిగా మిగిలిపోయిన మనిషికి ఆ కథ ఒక గాయాన్ని ఇచ్చింది. అది చూశాక శకునిని ఉత్త కుట్రదారుగా చూడటం ఎవరివల్లా కాలేదు.

1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ ఇంకో మెట్టు ఎక్కింది. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు ఆచార్యుల పుట్టుకలనూ, కురువంశం పుట్టుకనూ తవ్విపోసే ఘట్టం తెలుగునాట కోట్లమందికి కంఠతా వచ్చు. దానికి బీజం ఆదిపర్వంలోనే ఉంది. వీరుల పుట్టుక, నదుల పుట్టుక అడగకూడదనీ, ద్రోణుడు కలశంలో పుట్టాడనీ అక్కడా దుర్యోధనుడు అంటాడు. ఆ బీజాన్ని తీసుకుని కొండవీటి వెంకటకవి ఇరవయ్యో శతాబ్దపు కులప్రశ్నంత చెట్టును పెంచారు. ఆ సినిమాలోనే దుర్యోధనుడికీ భానుమతికీ ఒక యుగళగీతం ఉంది. అప్పుడు జనం చేసిన పని, థియేటర్లకు బండ్లు కట్టుకుని వెళ్ళడం.

మూలానికి దగ్గరగా తీసినవి లేకపోలేదు. 1963 ‘నర్తనశాల’ విరాటపర్వాన్ని చాలావరకు పట్టుకునే నడిచింది. అయినా ఆ సినిమా బతికింది ఎస్వీ రంగారావు కీచకుడి కళ్ళల్లో, ఆ నడకలో, ఆ మత్తులో. పర్వం వరస తప్పకపోవడం వల్ల ఆయన కీచకుడు కాలేదు.

ఇక ‘లవకుశ’ సంగతి. అది కూడా 1963లోనే వచ్చింది. ‘మూలానికి విధేయత’ అనే మాట ఎంత పక్షపాతంతో వాడుతున్నారో ఇక్కడ తెలుస్తుంది. తండ్రి మీద కొడుకులు బాణాలు ఎక్కుపెట్టే ఘట్టం వాల్మీకి ఉత్తరకాండలో లేదు. వాళ్ళు రాముడి సభలో రామాయణం పాడతారు, అంతే. అంతకంటే ముఖ్యమైనది చాకలి ఘట్టం. ఉత్తరకాండలో భద్రుడు అనే ఆంతరంగికుడు ఊళ్ళో జనం అనుకుంటున్న మాటలు రాముడికి చేరవేస్తాడు. ఆ నింద ఊరందరిది. ఫలానా కులంవాడు, తాగి పెళ్ళాన్ని తిడుతూ సీతమ్మను ఎత్తిపొడిచాడు అన్నది తర్వాతి కథల్లో చేరి, నాటకాల్లో బలపడి, సినిమాలో శాశ్వతమైపోయింది. ఊరందరూ మోయాల్సిన పాపాన్ని ఒక శ్రామిక కులం నెత్తిన పెట్టారు. వక్రీకరణ అనే మాటకు ఇంతకంటే తగిన ఉదాహరణ నాకు కనపడదు. అరవై ఏళ్ళలో మూలభక్తులెవరైనా దాని మీద ఉద్యమం చేశారా? ‘ఆదిపురుష్’లో రావణుడి జుట్టు కత్తిరింపు మీద లేచినన్ని గొంతులు దీని మీద లేవలేదు. మార్పు చేశారా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదని నేననేది ఇందుకే. ఆ మార్పు ఎవరిని నిలబెట్టింది, ఎవరిని కించపరిచింది? శకునికి గాయం ఇచ్చిన మార్పూ, చాకలికి నింద అంటగట్టిన మార్పూ రెండూ మూలంలో లేనివే. రెంటినీ ఒకే గాటన కట్టే కొలతబద్ద ఎందుకూ పనికిరాదు.

సినిమావాళ్ళు స్వతంత్రించారు సరే, కవులు మాత్రం మూలాన్ని కాపాడారు అంటారు కొందరు. మన కవుల్ని చదవకుండా అనే మాట ఇది. లక్ష శ్లోకాలని పేరున్న భారతాన్ని కవిత్రయం ఇరవయ్యొక్క వేల పైచిలుకు గద్యపద్యాలకు తెచ్చింది. ఏడువందల శ్లోకాల భగవద్గీతను తిక్కన కొద్ది పద్యాల్లో దాటించేశాడు. పోతన గజేంద్రమోక్షంలో విష్ణువు లక్ష్మీదేవితో ఒక్కమాటైనా చెప్పకుండా, ఆమె కొంగు చేతిలో ఉండగానే పరుగెత్తుకొస్తాడు. సంస్కృత భాగవతంలో ఆ పరుగు లేదు. పోతనకంటే భక్తి ఎక్కువున్నవాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు? రంగనాథ రామాయణంలో సేతువు కట్టేటప్పుడు ఉడత వస్తుంది, ఇంద్రజిత్తు భార్య సులోచన వస్తుంది. లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు, శబరి కొరికి రుచిచూసి పెట్టిన పళ్ళూ లేవు. ఇవన్నీ తీసేస్తే తెలుగింట్లో పిల్లలకు చెప్పుకునే రామాయణంలో సగం ఖాళీ అవుతుంది.

ఆడవాళ్ళ పాటల సంగతికి వస్తే ఇంకా ఎక్కువ చెప్పాలి. ‘ఊర్మిళాదేవి నిద్ర’ మన అమ్మమ్మల తరం వంటలయ్యాక మధ్యాహ్నంపూట కూర్చుని పాడుకున్న పాట. వాల్మీకి పెళ్ళి చేసి మరిచిపోయిన పిల్ల ఊర్మిళ. ఆ పాటలో పద్నాలుగేళ్ళు నిద్రపోయి, భర్త వచ్చి లేపితే ఎవరో పరాయి మగాడనుకుని, పరస్త్రీల జోలికి పోయినవాళ్ళకు ఏ గతి పట్టిందో వరసగా చెప్పి హడలగొడుతుంది. ‘లక్ష్మణదేవర నవ్వు’ ఇంకా గొప్పది. పట్టాభిషేకం నాడు నిండుసభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. అడవిలో పద్నాలుగేళ్ళు దూరంగా ఉంచిన నిద్రాదేవి ఆ వేళకు ఎదురుగా వచ్చి నిలబడిందని అతడి నవ్వు. అది సభకు తెలియదు. అన్నను చంపించి గద్దెనెక్కిన సుగ్రీవుడు తనను చూసే నవ్వాడనుకుంటాడు. అన్నను వదిలి శత్రువుతో కలిసిన విభీషణుడు తననే అనుకుంటాడు. తండ్రిని చంపినవాడి కొలువులో ఉన్న అంగదుడు తల దించుకుంటాడు. లంకలో ఉండి వచ్చిన సీత మనసులో నలిగిపోతుంది. చివరికి రాముడికి కూడా భుజాలు తడుముకోవలసి వస్తుంది, తమ్ముడి మీద కోపం ముంచుకొస్తుంది. ఒక్క నవ్వుతో సభలో ప్రతివాడి గుండెలో దాచుకున్న ముల్లును బయటికి లాగిన ఆ కల్పన ముందు ఇప్పటి స్క్రీన్‌ప్లే రచయితలు చేతులు కట్టుకుని నిలబడాలి. దాన్ని అల్లినవాళ్ళు పేరు కూడా మిగలని ఆడవాళ్ళు. మూలంలో లేనిది తియ్యకూడదంటే ఈ పాటను ఎవరూ తియ్యకూడదు. నిజం చెప్పాలంటే, ఇది వింటున్నప్పుడు తెరమీద ఎలా ఉంటుందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

మరి ‘ఆదిపురుష్’ ఎందుకు చెడింది? మూలం వదిలేసినందుకు అని అందరూ చెప్పేశారు. కథ వరస చూడండి. సీతాపహరణం, వాలిసుగ్రీవులు, హనుమంతుడి లంకాప్రయాణం, వారధి, యుద్ధం, రావణవధ అన్నీ ఉన్నాయి, ఆ వరసలోనే ఉన్నాయి. కథ నడక మేరకు చూస్తే ‘మాయాబజార్’ కంటే అది మూలానికి ఎన్నో రెట్లు దగ్గర. మూలమే కొలత అయితే ‘ఆదిపురుష్’ గట్టెక్కాలి, ‘మాయాబజార్’ తప్పాలి. ఆ కొలత పట్టుకున్నవాళ్ళలో ఎవరికీ ఆ ఫలితం ఒప్పుదల కాదు కదా.

అది చెడింది మనుషులు లేక. హనుమంతుడి నోట హిందీలో పెట్టిన వీధిమాటలను విడుదలయ్యాక మార్చుకోవలసి వచ్చింది. మాటలు మారినా పాత్ర బతకలేదు, ఎందుకంటే ఆ హనుమంతుడికి లంకలో సీతమ్మను చూసినప్పుడు ఏమనిపించిందో రాసినవాళ్ళకు తెలియదు. ‘భూకైలాస్’లో రావణుడు తల్లి కైకసి పూజ భంగమైందని ఆత్మలింగం కోసం బయలుదేరతాడు, తీరా చేతికొచ్చినది పోగొట్టుకుంటాడు. ఎన్టీఆర్ ముఖంలో ఆ కొడుకు కనిపించాడు కాబట్టే రాక్షసుడి కోసం ప్రేక్షకులు ఏడ్చారు. వందల కోట్ల గ్రాఫిక్స్ ఆ కొడుకును తయారుచెయ్యలేవు. పాతతరానికి ఆ మనుషులు ఎక్కడ దొరికారంటే, నాటకాల్లో. పింగళి బందరు నాటక సమాజాల్లోంచి వచ్చినవారు. ధూళిపాళ నాటకాల నుంచే వచ్చారు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని సురభి నటులతో తీసినదే. మాట ఎక్కడ ఆపితే జనం ఊపిరి బిగబడుతుందో, ఎక్కడ విసిరితే చప్పట్లు పడతాయో వాళ్ళకు రాత్రిరాత్రికీ ప్రేక్షకులే నేర్పారు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి బండహాస్యం ఆడినా జనం రాముడికి దణ్ణం పెట్టడం మానలేదు. ఇప్పటి దర్శకుల్లో ఎక్కువమంది వదిలేసింది ఈ చెప్పేవాళ్ళను. విమర్శకులు పుస్తకం వదిలేశారని నిందిస్తున్నారు. రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట పూస్తున్నారు.

ఎదుటిపక్షం వాదనల్లో బలమైనది ఒకటుంది. ఇవి కోట్లమంది కొలిచే దేవుళ్ళ కథలు, వీటితో వ్యాపారం కోసం ఆడుకోవడం తప్పు, పైగా ఇప్పటి పిల్లలకు పురాణం తెలిసేది తెరమీదే కాబట్టి తప్పుగా తీస్తే తప్పే నిజమైపోతుంది అంటారు. ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. తల్లిదండ్రులు నిజంగా పడుతున్న బాధ ఇది. కానీ పిల్లవాడికి ఒకే కథ, ఒకే రూపంలో తెలియడమే ఆ బాధకు కారణం అయినప్పుడు, ఆ ఒక్క రూపాన్ని అధికారికం చేసి మిగతావన్నీ మూసేస్తే ఏం లాభం? కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వ్యాఖ్యానంతో సంపుటాలుగా అచ్చువేసింది. శకుని సినిమా చూసి వచ్చిన పిల్లవాడికి ఆ సంపుటం తీసి, ఇందులో వేరేలా ఉంది చూడు, ఎందుకు మార్చారంటావు అని అడిగితే వాడికి ఒక కథ కాస్తా రెండు కథలవుతాయి, ఆలోచన ఒకటి మిగులుతుంది. భక్తికి దానివల్ల వచ్చిన నష్టం నేను ఎక్కడా చూడలేదు. కోర్టు గుమ్మాలు ఎక్కడం వల్ల మాత్రం నష్టం ఉంది. ‘ఆదిపురుష్’ మీద అలహాబాద్ హైకోర్టుకు వెళ్ళారు. ప్రతి పురాణ సినిమాకూ ఇదే దారి అయితే రచయిత కలం పట్టేముందే జంకుతాడు. జంకినవాడు మనుషుల్ని రాయలేడు. కిరీటాలనూ బాణాలనూ మాత్రమే రాస్తాడు.

మూలం, మూలం అంటున్నప్పుడు ఎవరి మూలం అన్నది కూడా అడగాలి. చిందు మేళాలు మాదిగవాడల్లో ఆడే జాంబపురాణంలో జాంబవుడు ఈ భూమికంటే ముందు పుట్టినవాడు. బ్రాహ్మణుడితో ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు, ఎవరు గొప్ప అని వాదిస్తాడు. చిందు ఎల్లమ్మ గారు 2005లో కన్నుమూసేదాకా గజ్జె విప్పకుండా ఆడిన చిందు భాగవతం ఈ సంప్రదాయంలోదే. ఆ జాంబవుణ్ణి రేపు ఎవరైనా తెరమీదికి తెస్తే ‘ఇది వాల్మీకిలో ఉందా’ అని అడుగుతారా? అడిగితే, ఒక జాతి తన పుట్టుక గురించి తరతరాలుగా చెప్పుకున్న కథకు రుజువు చూపమని అడిగినట్టే. 2022లో ‘కాంతార’ వచ్చింది. తుళునాడు భూతకోల, పంజుర్లి, గుళిగ దైవాల కథకు ఏ గ్రంథమూ సాక్ష్యంగా లేదు. ఆ ఊళ్ళ జనం నమ్మకమే దానికి ఆధారం. తెలుగు డబ్బింగ్‌లోనూ హాళ్ళు నిండాయి. మన దగ్గర కాటమరాజు కథలున్నాయి, ఎల్లమ్మ కథలున్నాయి, కులపురాణాలు డజన్లకొద్దీ ఉన్నాయి. 1942లో జెమినీవాళ్ళు జనం నోళ్ళలో నానిన బాలనాగమ్మ కథను తెచ్చి కాంచనమాలతో, సి.పుల్లయ్య దర్శకత్వంలో తీశారు. అప్పటి నిర్మాతలకు ఉన్న ఆ చొరవ ఇప్పటివాళ్ళకు లేకపోవడానికి గ్రంథం చూపమనే ఈ ఒత్తిడి కూడా ఒక కారణమని నా నమ్మకం.

పురాణం ఎత్తుకున్న ప్రతి నిర్మాతా ఇప్పుడు రీసెర్చ్ టీం పెట్టుకున్నామని చెబుతున్నాడు. ఆ టీము సంస్కృత పుస్తకాలు తిరగేస్తే మంచిదే. దాంతోపాటు వాళ్ళు నిజామాబాద్ వైపు వెళ్ళి చిందు మేళం ముందు తెల్లవార్లూ కూర్చోవాలి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్ళకు వెళ్ళి రావణుడి బొమ్మను ఎలా ఆడిస్తారో చూడాలి. సురభి వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఉన్న ‘మాయాబజార్’ నాటకం చూసి, ఏ మాటకు జనం నవ్వుతున్నారో రాసుకోవాలి. అక్కణ్ణుంచి కథ తీసుకుంటే ఆ మేళం పేరు టైటిల్స్‌లో పెద్ద అక్షరాలతో వెయ్యాలి, వాళ్ళకు రావలసిన డబ్బు ఇవ్వాలి. రేపు ఇంకో పురాణ సినిమా వచ్చినప్పుడు, గ్రంథంలో ఉందా అని అడిగే పెద్దలు ముందు ఈ పేర్లు టైటిల్స్‌లో ఉన్నాయా అని అడగాలి.